పచ్చళ్ళ ఆన్‌లైన్ షాపు: ఆర్డర్లు పెరిగాక ప్యాకింగ్, షిప్పింగ్ ఎలా నడపాలి

రోజుకి పది ఆర్డర్లు ఉన్నంతకాలం పచ్చళ్ళు, పొడులు అమ్మేవాళ్ళకి పార్సిళ్ళు పెద్ద పనిలా అనిపించవు. ఎవరికి అల్లం పచ్చడి, ఎవరికి కందిపొడి అన్నది నోటికే ఉంటుంది. యాభై దాటాక జ్ఞాపకం సరిపోదు. అప్పుడు వచ్చే నష్టానికి చాలామంది కొరియర్ వాళ్ళని తప్పుపడతారు గానీ, అందులో ఎక్కువ భాగం పికప్ అబ్బాయి గుమ్మంలోకి రాకముందే, ప్యాకింగ్ బల్ల మీదే జరిగిపోయి ఉంటుంది.

ముందు నూనె కారడం సంగతి చూద్దాం. పెట్ (ప్లాస్టిక్) సీసాకి ఇండక్షన్ సీల్ (మిషన్ వేడితో అంచుకి అతికించే రేకు) వేసినా కారిందంటే మొదట అనుమానించాల్సింది సీసా అంచుని. మూత లోపలి రేకు అడుగున ఉండే సన్నని ప్లాస్టిక్ పొర వేడికి కరిగి అంచుకి అతుక్కోవాలి. మధ్యలో నూనె పొర ఉంటే అతుక్కున్నట్టే కనిపిస్తుంది, లారీ కుదుపులకి ఊడిపోతుంది. అందుకే పచ్చడిని గరాటుతో నింపాలి, అంచుని పొడిగుడ్డతో తుడవాలి, మూత గట్టిగా బిగించాకే మిషన్ కింద పెట్టాలి. మూత వదులుగా ఉంటే రేకు అంచుకి ఆనదు. సీసాని నిండా నింపడం కూడా పొరపాటే. వేసవిలో తలుపులు మూసిన లారీలో నూనె వేడెక్కి పొంగుతుంది కాబట్టి పైన ఒకటిన్నర సెంటీమీటర్లు ఖాళీ వదలాలి.

కొత్త ఆవకాయని మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాకే సీసాకి ఎత్తాలి. సీజన్లో ఆర్డర్లు మీద పడుతున్నాయని కలిపిన రోజే ప్యాక్ చేస్తే లోపల గ్యాస్ పుట్టి సీలు ఉబ్బుతుంది. ప్రతి బ్యాచ్‌లోంచి నాలుగు సీసాలు తీసి పాత పేపరు మీద రాత్రంతా తలకిందులుగా ఉంచండి. పొద్దున ఒక్క చుక్క కనిపించినా ఆ బ్యాచ్‌లో ఏ ఒక్క సీసా బయటికి వెళ్ళకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా పని ఒత్తిడిలో మొదట మానేసేది ఈ పరీక్షనే. దయచేసి మానకండి.

ఒక్కో సీసాని విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన రెండు చుట్లు బబుల్ ర్యాప్ చుట్టాలి. ఒకటి కారినా రెండోదాని లేబుల్ పాడవకుండా ఉండటానికే ఈ విడి కవర్. రెండు కిలోల లోపు మూడు పొరల అట్టపెట్టె సరిపోతుంది, అది దాటితే ఐదు పొరలది వాడాలి. మూసిన పెట్టెని ఊపితే లోపల ఏదీ కదలకూడదు. రెండంగుళాల టేపుని మధ్య అతుకు మీదే కాక, రెండు పక్కల అంచుల మీదుగా కూడా వేయాలి. వానాకాలంలో పెట్టె పైన ఇంకో ప్లాస్టిక్ కొరియర్ కవర్ తప్పనిసరి, తడిసిన అట్ట బరువు మోయలేదు.

ఇక తూకం. కొరియర్లు అసలు బరువుని, పరిమాణపు బరువుని పోల్చి ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, ఎక్కువ కొరియర్లు వాడే 5000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోల్లో వస్తుంది. ఛార్జీ సాధారణంగా అరకిలో మెట్లలో పెరుగుతుంది. పచ్చడి చిక్కని సరుకు, దానికి అసలు బరువే లెక్కకొస్తుంది. జంతికలు, కారప్పూస అలా కాదు. అరకిలో జంతికల్ని 30×20×15 పెట్టెలో పంపితే 1.8 కిలోలు అవుతుంది, అంటే 2 కిలోల ఛార్జీ. అవే 25×18×10 పెట్టెలో పడితే 0.9, అంటే కిలో ఛార్జీ. పెట్టె కొలత మార్చితేనే సగం మిగిలింది. పచ్చళ్ళలో కిటుకు ఇంకోటి. అరకిలో సీసాలు రెండు ఎలా సర్దినా కిలో దాటి ఒకటిన్నర కిలోల మెట్టు ఎక్కుతాయి. పావుకిలో సీసాలు మూడయితే తేలికపాటి పెట్టెతో కలిపి కిలోలోపు ఆగుతాయి. కాంబోలు అలా కట్టుకోండి.

కొరియర్ హబ్‌లో మిషన్ ఎక్కువ బరువు చూపించి తేడా డబ్బు కోసిన సందర్భాలూ వస్తాయి. పెట్టెని తూకం మీద పెట్టి, అంకె, లేబుల్, పక్కన టేపు కొలత కనిపించేలా తీసిన ఫోటో ఉంటేనే వాదన నిలుస్తుంది. అభ్యంతరం చెప్పడానికి గడువు కొద్దిరోజులే.

ఆర్డర్లు పెరిగాక ఒక్కో ఆర్డరుకీ అరల చుట్టూ తిరగడం ఆపాలి. పొద్దున 11కి గీత గీసి, అప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి సరుకు వారీగా జాబితా తీయండి: గోంగూర అరకిలో 18, నిమ్మకాయ పావు 9. అవి ఒకేసారి బల్ల మీదికి తెచ్చి, తర్వాత ఆర్డర్లుగా పంచాలి. గడువు ముందుగా ముగిసే బ్యాచ్ ముందు వెళ్ళాలి. మూసిన పెట్టె ఎంత తూగాలో ముందే లెక్క ఉంటే, తూకంలో వంద గ్రాములు తగ్గగానే కందిపొడి పడలేదని తెలిసిపోతుంది. ప్యాక్ చేసినవాళ్ళు, తూచేవాళ్ళు ఒకరే కాకూడదు.

లేబుల్‌కి 4×6 అంగుళాల థర్మల్ ప్రింటర్ కొనుక్కోండి, ఇంకు లేబుల్ తడికి, నూనెకి అలుక్కుపోతుంది. బార్‌కోడ్ పెట్టె అతుకు మీద పడకూడదు. పేరు, ఫోన్, చిరునామాతో ఇంకో చీటీ లోపల వేయండి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక ఒకే ఊరికి పాత జిల్లా పేరు ఒకరు, కొత్తది ఒకరు రాస్తున్నారు. పార్సిల్ నడిచేది పిన్‌కోడ్ మీద కాబట్టి జిల్లా పేరు కన్నా ఆ ఆరంకెలు సరిచూడటం ముఖ్యం. ప్రైవేటు కొరియర్ వెళ్ళని పిన్‌కోడ్‌లకి తపాలా శాఖ ఉంది.

క్యాష్ ఆన్ డెలివరీ విషయంలో తిండి సరుకు వేరు. తిరిగొచ్చిన చీరని మళ్ళీ అమ్మొచ్చు. ఎండలో లారీల్లో రెండు వారాలు తిరిగొచ్చిన పచ్చడిని మరొకరికి పంపడం తప్పు. కాబట్టి రానూపోనూ ఛార్జీతోపాటు సరుకూ పోయినట్టే. కొత్త కస్టమర్ దగ్గర రెండువైపుల ఛార్జీకి సరిపడా అడ్వాన్స్ తీసుకుని, వాట్సాప్‌లో ఖాయం చేసుకున్నాకే పంపండి.

అమెరికా ఆర్డర్ల లెక్క 2025లో మారింది. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు ఆ ఏడాది ఆగస్టు 29 నుంచి పోయింది, ఆ భారం ఎవరిదో ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి. అమ్మకపు ఆహారానికి అక్కడి ఎఫ్‌డీఏకి (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ముందస్తు నోటీసు వెళ్ళాలి. చికెన్, మటన్ పచ్చళ్ళని అక్కడ ఆపేస్తారు, వెబ్‌సైట్‌లో అమెరికా చిరునామాకి అవి కార్ట్‌లోకే ఎక్కకుండా పెట్టండి.