ద్రాస్‌లో గన్ను పొడవు

మా బావకి ఎడమ చెవి అస్సలు వినపడదు. కుడి చెవి సగం. అందుకని ఆయనతో కారులో ప్రయాణం అంటే మనం అరవాలి, ఆయన అంతకన్నా గట్టిగా అరుస్తారు. శ్రీనగర్ దాటిన గంటకల్లా మా డ్రైవరు మేమిద్దరం పోట్లాడుకుంటున్నామని తేల్చుకున్నాడు. కంగన్ దగ్గర బండి పక్కకి ఆపి, "అంతా బాగానే ఉందా సాబ్?" అని అడిగాడు. బావకి ఆ ప్రశ్న కూడా వినపడలేదు. "టీ అంటున్నాడా? తాగుదాం" అంటూ దిగిపోయారు.

ఆ చెవులు పోవడానికి కారణం బోఫోర్స్ గన్ను. మా అక్కని చేసుకునే నాటికే బావ ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో ఉన్నారు. హైదరాబాద్‌లోనే, గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యారు. 1999లో కార్గిల్ యుద్ధం అప్పుడు ఆయన రెజిమెంటు ద్రాస్ సెక్టార్‌లో ఉంది. ఆ తర్వాత మళ్ళీ అటు వెళ్ళలేదు. నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు లేత్ మీద పనిచేసి 2025 మార్చిలో మానేశాను. ఖాళీగా కూర్చుంటే నాకూ తోచడం లేదు, "ఒకసారి ఆ కొండలు చూసి రావాలి బామ్మర్దీ" అని ఆయన ప్రతి సంక్రాంతికీ అనడం మానలేదు. 2025 జూన్ చివర్లో బయల్దేరాం. పహల్గాం దాడి జరిగి అప్పటికి రెండు నెలలు. శ్రీనగర్‌లో హోటళ్ళు సగం ఖాళీ. అక్క ఫోనులో రోజూ తిడుతూనే ఉంది.

సోన్‌మర్గ్‌కి ముందు జనవరిలో కొత్తగా తెరిచిన సొరంగం ఉంది, ఆరున్నర కిలోమీటర్లు. నిమిషాల్లో అవతల పడ్డాం. బావకి అది నచ్చలేదు. అప్పట్లో ఈ ముక్కకే ఎంతసేపు పట్టేదో చెప్పడం మొదలుపెట్టారు. అసలు పరీక్ష జోజిలా కనుమ దగ్గర మొదలైంది. పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. ఒకపక్క బురద, ఇంకోపక్క లోయ, అక్కడక్కడ జూన్‌లో కూడా కరగని మంచు గోడలు. ఎదురుగా లారీ వస్తే మనం ఎటు జరగాలో దేవుడికే తెలియాలి. ఆ కొండ కింద పదమూడు కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్ అని నేను గర్వంగా చెబితే, బావ బయటికి చూస్తూ, "ఈ మలుపుల్లోంచే గన్నులు లాక్కొచ్చాం. ఒక్కోటి పన్నెండు టన్నుల పైన. రాత్రిపూట, లైట్లు ఆర్పేసి" అన్నారు. ఆ తర్వాత మాటియాన్ దాకా నోరు తెరవలేదు. నేను కూడా, భయంతో.

మా తరం వాళ్ళకి బోఫోర్స్ అంటే ముందు గుర్తొచ్చేది గన్ను కాదు, కుంభకోణం. 1986 మార్చిలో స్వీడన్ కంపెనీ నుంచి 410 గన్నులు కొనడానికి ఒప్పందం కుదిరింది. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో లంచాల సంగతి బయటపెట్టింది. అప్పుడు నేను అప్రెంటిస్‌ని. టీ కొట్టు దగ్గర గన్ను ఎలా ఉంటుందో చూసినవాడు ఒక్కడూ లేడుగానీ, ఎవరు ఎంత తిన్నారో ప్రతివాడికీ తెలుసు. ఎన్టీఆర్ నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్‌గా దేశమంతా తిరిగారు. 1989 ఎన్నికల్లో ఢిల్లీలో కాంగ్రెస్ ప్రభుత్వం ఓడిపోయింది. మన దగ్గర మాత్రం ఆయన పార్టీయే ఓడిపోయింది! ఆ విచిత్రం గురించి మా షాపులో నెల రోజులు వాదించుకున్నాం. బావ ఆ రోజుల్లో అదే గన్ను మీద డ్రిల్లు చేస్తున్నారు. సెలవుల్లో ఊరికొస్తే జనం, "నీ వాటా ఎంత?" అని ఎగతాళి చేసేవాళ్ళట. అది ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

ద్రాస్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. నా తల పగిలిపోతోంది. పదివేల అడుగులు దాటిన ఎత్తు కదా. బావకి ఏమీ కాలేదు, వెల్లుల్లి నమలమని నాకు సలహా ఇచ్చారు. ఊరికి కొంచెం దూరంలో, తోలోలింగ్ కొండ కిందే, కార్గిల్ యుద్ధ స్మారకం. ఫొటోల్లో చూసి అది ఎక్కడో లోపలికి ఉంటుందనుకున్నాను. కాదు, హైవే పక్కనే. కొండ అయితే మీద పడేటట్టు ఉంది. పై నుంచి చూసేవాడికి కింద రోడ్డు మీద పోయే ప్రతి లారీ కనపడుతుంది. శత్రువు ఆ శిఖరాల మీద ఎక్కి కూర్చుంటే లద్దాఖ్‌కి పోయే దారి మొత్తం వాడి చేతిలోనే ఉన్నట్టు. ఎన్ని వ్యాసాలు చదివినా ఎక్కని విషయం అక్కడ తల ఎత్తి చూడగానే ఎక్కింది.

లోపల ఒక జవాను సందర్శకులని కూర్చోబెట్టి హిందీలో చెబుతున్నాడు. ఇది తోలోలింగ్, అది టైగర్ హిల్, అక్కడ జూలై 4న జెండా ఎగిరింది అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. బావకి వినపడదు కాబట్టి నేను చెవి దగ్గర తెలుగులో అరుస్తున్నాను. నలుగురూ మా వైపు తిరిగారు. జవాను పాయింట్ 5140 అనే శిఖరం చూపిస్తూ, దానికి 2022లో 'గన్ హిల్' అని పేరు పెట్టారని చెప్పాడు, ఆర్టిలరీ గౌరవార్థం. నేను అరిచాను. బావ, "ఏ హిల్?" అన్నారు. మళ్ళీ అరిచాను. ఈసారి జవాను మాట్లాడటం ఆపి, "మీరు గన్నరా సాబ్?" అని అడిగాడు. బావ నిలబడ్డారు. రెజిమెంటు పేరు, సంవత్సరం చెప్పారు. ఆ కుర్రాడు అటెన్షన్‌లోకి వచ్చి సెల్యూట్ కొట్టాడు. యుద్ధం నాటికి వాడు పుట్టి ఉండడు.

పేర్లు చెక్కిన గోడ దగ్గర మేజర్ పద్మపాణి ఆచార్య పేరు వెతికాం. హైదరాబాద్ అబ్బాయి, రాజ్‌పుతానా రైఫిల్స్, మరణానంతరం మహావీరచక్ర. జూన్ 28 రాత్రి నోల్ అనే శిఖరం మీద దాడికి నడిపిస్తూ పోయాడు. "ఆ రాత్రి మా గన్నులన్నీ అటే" అన్నారు బావ. అంతకు మించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

స్మారకంలో బోఫోర్స్ గన్ను నిలబెట్టారు. నేను వచ్చింది దీని కోసమే. లేత్ మీద బతికినవాడికి గన్నంటే గొట్టమే. 155/39 అంటే లోపలి వ్యాసం 155 మిల్లీమీటర్లు, పొడవు దానికి 39 రెట్లు, అంటే ఆరు మీటర్ల పైచిలుకు. ఆ పక్కనే నడుస్తూ అడుగులు లెక్కపెట్టాను. కాపలా జవాను అనుమానంగా చూస్తే, "మెషినిస్టుని బాబూ" అని నవ్వాను. ఆరు మీటర్ల ఉక్కు దిమ్మెలో తిన్నగా రంధ్రం తీయడమంటే మాటలు కాదు. మా షాపులో మీటరు లోతుకి పోయేసరికే రంధ్రం తీసే బోరింగ్ బార్ వణికేది, లోపల గీతల్లా చాటర్ మార్కులు పడేవి, జాబ్ రిజెక్టు. ఇక్కడ రంధ్రం తీస్తే సరిపోదు. లోపల మెలికల గాళ్ళు కోయాలి, షెల్ గిర్రున తిరుగుతూ పోవడానికి. అంతకుముందే గొట్టం లోపలి నుంచి విపరీతమైన ఒత్తిడి పెట్టి లోపలి పొరని సాగదీస్తారు. ఒత్తిడి తీసేశాక బయటి పొర దాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి ఎక్కిస్తే చల్లారాక చెక్కని బిగించి పట్టుకుంటుందే, ఇంచుమించు అలాంటి బిగింపే. దాన్ని ఆటోఫ్రెటేజ్ అంటారు. అది సరిగ్గా లేకపోతే లోపల మందు మండినప్పుడు గొట్టం చీలుతుంది.

బావ గన్ను వెనక, షెల్ ఎక్కించే బ్రీచ్ దగ్గర నిలబడి చేతులు ఆడిస్తూ చెబుతున్నారు. షెల్ ఒక్కోటి నలభై మూడు కిలోలు. మూడు రౌండ్లు పన్నెండు పదమూడు సెకన్లలో. మామూలుగా గన్నర్‌కి శత్రువు కనపడడు. ఎక్కడో కొండ మీద ఓపీలో, అంటే శత్రువుని గమనించే చోట కూర్చున్న ఆఫీసరు రేడియోలో చెబితే, ఇక్కడ లెక్కగట్టి కోణం పెడతారు. ద్రాస్‌లో మాత్రం కొన్ని గన్నులని రోడ్డు పక్కకే తెచ్చి, ఎదురుగా కనపడే బంకరుకి తిన్నగా గురిపెట్టారు. ఇంకో చిక్కు, కింద మైదానాల్లో తయారుచేసుకున్న రేంజి లెక్కలు అక్కడ పనికిరాలేదు. గాలి పల్చన, షెల్ ఎక్కువ దూరం పోతుంది. కొట్టి చూసి, దిద్దుకుని, మళ్ళీ కొట్టడమే. గన్నుకి సొంత ఇంజను ఉంది కాబట్టి కొంచెం దూరం దానంతట అదే కదులుతుంది. కాల్చడం, జాగా మార్చడం. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ కాల్చిన షెల్లులు, రాకెట్లు అన్నీ కలిపి రెండున్నర లక్షలు. "చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళం. అదీ గుర్తుంటే" అన్నారు.

అప్పుడు నేను ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగాను. "బావా, స్పేర్ పార్టులు ఉండేవా?"

ఆయన నవ్వారు. కుంభకోణం తర్వాత ఆ కంపెనీతో వ్యవహారం తెగిపోయింది. కొన్ని గన్నులు విప్పి, ఆ భాగాలతో మిగతావాటిని నడిపించిన కాలం అది. "ఉన్నవాటితోనే పోరాడతాం" అని అప్పటి సైన్యాధిపతి జనరల్ మాలిక్ అన్నది ఊరికే కాదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. లంచం తిన్నది నిజమో కాదో కోర్టులు ఏళ్ళ తరబడి చూశాయి, ఆ సంగతి వదిలేద్దాం. ఒప్పందంలో గన్నుతో పాటు దాన్ని మనమే తయారుచేసుకోవడానికి డ్రాయింగులు కూడా వచ్చాయి. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల దగ్గరే ఉన్నాయి. డ్రాయింగు చేతికిస్తే పనిచేయలేని టర్నరు మా బాలానగర్‌లో ఉండడు. కానీ బోఫోర్స్ అన్న పేరు ముట్టుకుంటే చెయ్యి కాలుతుందని పాతికేళ్ళు ఎవరూ ఆ కట్టలు విప్పలేదు. విప్పాక వచ్చిందే ధనుష్. కాన్పూరులో గొట్టం, జబల్‌పూరు గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో కూర్పు. 155/45, అంటే గొట్టం దాదాపు ఏడు మీటర్లు. 114 గన్నుల ఆర్డరులో మొదటి ఆరు 2019 ఏప్రిల్‌లో సైన్యానికి అందాయి. ద్రాస్‌లో బావ చెవులు పోయిన ఇరవై ఏళ్ళకి!

మధ్యలో కొన్నవీ ఉన్నాయి. 2016లో అమెరికా నుంచి 145 ఎం777లు, టైటానియం వాడినందువల్ల నాలుగు టన్నుల పైచిలుకే. చినూక్ హెలికాప్టరు కింద వేలాడదీసుకుని ఎత్తుకుపోవచ్చు. బావకి వీటి మీద అసూయ. "జోజిలా మీద రాత్రుళ్ళు లాగినవాడికి తెలుస్తుంది" అన్నారు. కొరియా డిజైన్‌తో హజీరాలో ఎల్ అండ్ టీ కట్టిన కే9 వజ్ర గొలుసుచక్రాల మీద తనంతట తాను నడిచేది. ఎడారి కోసం కొన్నారు, చైనాతో గొడవ వచ్చాక లద్దాఖ్‌కీ పంపారు.

నా ఆశ మాత్రం అటాగ్స్ అనే మన దేశపు గన్ను మీద. పుణెలోని రక్షణ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ వాళ్ళు 2013లో మొదలుపెట్టారు. 155/52, ఎనిమిది మీటర్ల గొట్టం. 48 కిలోమీటర్లు కొట్టింది. భారత్ ఫోర్జ్, టాటా రెండూ తయారుచేస్తాయి. 2025 మార్చిలో 307 గన్నులకి, లాగే బండ్లతో కలిపి దాదాపు 6,900 కోట్ల ఒప్పందాలు అయ్యాయి. దారిలో దెబ్బలూ తగిలాయి. 2020లో పోఖ్రాన్ పరీక్షల్లో గొట్టం పేలి మనుషులు గాయపడ్డారు. ఆ వార్త చదివి నాకు రెండు రోజులు నిద్ర లేదు. ఎవరో నాలాంటివాడు మెషీన్ దగ్గర నిలబడి, తప్పు ఎక్కడ జరిగిందా అని తలపట్టుకుని ఉంటాడు. అయినా ఆపకపోవడమే నాకు నచ్చింది. "బరువెక్కువ కదా, పద్దెనిమిది టన్నులు" అని బావ పెదవి విరిచారు. "ఈ రోడ్ల మీదికి ఎలా తెస్తారు?" గన్నర్ లెక్క వేరు, టర్నరు లెక్క వేరు. దాని మీద లాడ్జిలో రాత్రి తొమ్మిదిదాకా నిజంగానే పోట్లాడుకున్నాం. పక్క గదివాళ్ళు గోడ కొట్టారు. అది నాకే వినపడింది.

పొద్దున్నే తిరుగు ప్రయాణం. జోజిలా ఎక్కకముందే బండి టైరు పంక్చరైంది. స్టెప్నీ చూస్తే అదీ అరిగిపోయి గుండు లాగా ఉంది. మాట్లాడుకున్న ట్రావెల్స్ వాడిని నేను తిట్టుకుంటూ, డ్రైవరుకి జాకీ పట్టుకోవడంలో సాయం చేస్తున్నాను. బావ కాస్త దూరంలో రాయి మీద కూర్చుని కొండల వైపు చూస్తున్నారు. నేను వెనక నుంచి రెండుసార్లు పిలిచాను, పలకలేదు.

అంతలో ఆయన చటుక్కున తల తిప్పారు. నేను చుట్టూ చూశాను. ఏమీ లేదు. ఒక క్షణం తర్వాత కాళ్ళ కింద నేల సన్నగా అదిరినట్టు అనిపించింది, ఆ వెనకే ఎక్కడో కొండ లోపల ధన్‌మని మూగగా ఒక చప్పుడు. బావ ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నారు.

"సొరంగం వాళ్ళది. బ్లాస్టింగు" అని అరిచారు నాకు. "గన్ను కాదు."