చేతులు చాపండి ఆంటీ

"కల్లు కూడా తాగరా అమ్మా? నిజం చెప్పండి."

నా లివర్ చెడిందని తేలిన రోజు నవ్వుతూనే అడిగాడు ఆ కుర్ర డాక్టరు. చుట్టూ మావారు, అబ్బాయి, ఆడపడుచు, పక్క మంచాల వాళ్ళు. రాజోలు దగ్గర బడిలో 28 ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. కొబ్బరితోటల మధ్య పుట్టానన్న మాటే గాని కల్లు వాసనే పడదు నాకు. ఏడాది దాటింది. బిల్లు ఎంతైందో మర్చిపోయాను గాని ఆ నవ్వు మర్చిపోలేదు.

అసలు నేను వెళ్ళింది లివర్ కోసం కాదు. కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం, కళ్ళు పచ్చబడ్డాయి. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఒకటి జారి నాళంలో ఇరుక్కుందన్నారు. మా తోటికోడలు ఇదే జబ్బుతో వెళ్ళి నాలుగో రోజుకి ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టింది. నాదీ అంతేననుకుని చించినాడ వంతెన మీద గోదారి చూస్తూ కబుర్లు కూడా చెప్పాను. గొట్టం వేసి రాయి తీశారు. నేను మాత్రం తేరుకోలేదు. పొట్టలో నీరు, కాళ్ళ వాపు, ప్లేట్‌లెట్లు 80 వేలు. సిరోసిస్ అన్నారు. 15 ఏళ్ల షుగరు, ఈ భారీ ఒళ్ళు. కొవ్వు పట్టిన లివర్ చడీచప్పుడు లేకుండా గట్టిపడిపోయిందట.

ఆరో రాత్రి సంగతి సగం నాకు తెలిసింది, సగం వాళ్ళు చెప్పింది. నిద్ర పట్టడం లేదంటే ఎవరో మాత్ర ఇచ్చారు. మూడు రోజులుగా విరేచనం లేదు. ఎవరూ అడగలేదు, సిగ్గుతో నేనూ చెప్పలేదు. కాసేపటికి వార్డు గోడ మీద నల్లబల్ల కనిపించింది. హాజరు వేస్తున్నాను. మావారిని "ఆలస్యం ఎందుకైందిరా?" అని గదమాయించానట! ఎప్పుడో పోయిన మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. సెలైన్ పీకేశాను. గాలి సోకిందని ఆడపడుచు ఒకటే ఏడుపు. డ్యూటీ డాక్టరు మంచం దాకా రాకుండానే, "భయానికి అలా చేస్తారు, మత్తు ఇంజెక్షన్ ఇచ్చెయ్" అన్నాడట ఫోన్లో.

ఆపింది నైట్ డ్యూటీ నర్సు. మా అబ్బాయి కన్నా చిన్నపిల్ల. "ఆంటీ, చేతులు ముందుకు చాపండి, బండి ఆపే పోలీసులాగా" అంది. మణికట్ల దగ్గర చేతులు రెక్కల్లా టపటపలాడాయట. వెంటనే పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. మత్తు ఆపించి, ఎనిమా ఇచ్చి, విరేచనం అయ్యేందుకు లాక్టులోజ్ సిరప్ పట్టించారు. తెల్లారేలోగా నాలుగుసార్లు పక్క పాడుచేశాను. ఆ పిల్లే తుడిచింది. మధ్యాహ్నానికి మావారిని చూసి "కాఫీ తాగారా?" అన్నానట. ఆయన వరండాలోకి వెళ్ళిపోయారు.

పెద్ద డాక్టరు తర్వాత కూర్చుని చెప్పారు. పేగుల్లో పుట్టే అమ్మోనియాను లివర్ విరిచేయాలి. అది చేతకాకపోతే మెదడుకెక్కుతుంది, చాపిన చేతులు అలా టపటపలాడతాయి. ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నిద్రమాత్ర, మూడూ కలిసి నన్ను ముంచాయి. "రాయి ఎవరికైనా వస్తుందమ్మా. సిరోసిస్ ఉన్నవాళ్ళు ఏ కడుపు జబ్బుతో చేరినా ఆ జబ్బొక్కటే చూస్తే సరిపోదు. రక్తం, కిడ్నీ, తెలివి అన్నీ కాపు కాయాలి" అన్నారు. నాలుగు రోజులనుకున్నది 19 రోజులైంది. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటే చిట్లకుండా బ్యాండ్లు కూడా వేశారు.

ఇంటికొచ్చాక బీరువాలో పట్టుచీరల కింద నాలుగేళ్ల నాటి స్కాన్ దొరికింది. ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2. "అందరికీ ఉండేదేలెండి" అని తిరిగిచ్చినాయన మీద కోపం పడదామంటే, మడతపెట్టి దాచింది నేనే. మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఎన్ని మింగానో లెక్కే లేదు. షుగరున్న వాళ్ళు ఆ పాత కాగితాలు ఒక్కసారి బయటికి తీయండి, మీకు దండం పెడతాను.

ఆవకాయ లేదు, ఎండు రొయ్యలు లేవు. కోనసీమలో ఉప్పు లేకుండా బతకడం కూడా ఒక జబ్బే. కడుపు మాడ్చకూడదు, పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి అన్నారు. మరి కార్తీక సోమవారాలో? అత్తయ్య అంతర్వేది నరసింహస్వామి తాడు నా చేతికి కట్టి, "నీ ఉపవాసం కూడా నేనే ఉంటాలే, నువ్వు తిను" అని ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టింది. నన్ను బతికించింది ఆ స్వామేనంటుంది. నేను ఆ నర్సు పిల్లని కూడా కలిపి చెబుతాను.

మావారు రోజూ పొద్దున్నే కాఫీ ఇచ్చే ముందు "చేతులు చాపు" అంటారు. మొన్న పుష్యమాసం చలికి కాస్త వణికాయి. నేను శాలువా కప్పుకునేలోపే ఆయన కారుకి ఫోన్ చేసేశారు.