హిల్ కంట్రీలో జర్మన్ జాతర

సెప్టెంబరు వచ్చినా డాలస్‌లో ఎండ తగ్గదు. అయినా జర్మన్ల బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్ టెంట్లు మాత్రం లేస్తాయి. మాకు దగ్గర్లోని అడిసన్‌లో 1987 నుంచి ఈ పండగ చేస్తున్నారు. మ్యూనిక్ నుంచి వచ్చిన పౌలానర్ బీరు, పొట్టికాళ్ళ డాక్స్‌హుండ్ కుక్కల పరుగుపందెం, అంతా సరదాగానే ఉంటుంది. కానీ నాకు చూడాలని ఉన్నది వేరు. నూట ఎనభై ఏళ్ళ కిందట జర్మన్లు వచ్చి స్థిరపడ్డ ఊళ్ళు టెక్సస్‌లోనే, ఆస్టిన్‌కి పడమర, నైరుతి దిక్కుల్లో ఉన్నాయి. ఆ ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. అక్కడ ఈ పండగ ఎలా చేసుకుంటారో చూద్దామని బయల్దేరాం.

అప్పటికి అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. "తాగేవాళ్ళ మధ్యకి నన్నెందుకురా, మీరు వెళ్ళి రండి" అంది. "పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ వస్తారత్తయ్యా, మీరూ రండి" అని మా ఆవిడే ఒప్పించింది.

ఆ ఊళ్ళలో ఒకటైన ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి కారులో నాలుగు గంటల పైనే పట్టింది. దగ్గరపడే కొద్దీ సున్నపురాయి గుట్టలు, ఓక్ చెట్లు, ద్రాక్షతోటలు. ఇక్కడ ఆక్టోబర్‌ఫెస్ట్ అక్టోబరు మొదటి వారాంతంలో జరుగుతుంది. నడిపించేది ఒక స్థానిక కళల సంస్థ. పండగ జరిగే చోటు మెయిన్ స్ట్రీట్ పక్కనే ఉన్న మార్క్ట్‌ప్లాట్జ్ మైదానం. దాని మధ్యలో ఎనిమిది పలకల కట్టడం ఒకటి ఉంది, పేరు ఫెరైన్స్ కిర్చె. 1847లో కట్టినప్పుడు ఊరికి చర్చీ, బడీ, సభలు జరిపే చోటూ అన్నీ అదే. పాతది 1890ల్లో కూల్చేశారు. 1930ల్లో అచ్చం అలాగే మళ్ళీ కట్టుకున్నారు.

అమ్మ ఆ కట్టడం నీడలో కూర్చుంటే నేను చదివింది చెప్పాను. జర్మనీలో కొందరు జమీందార్లు సంఘం పెట్టి, భూమి ఇస్తామని జనాన్ని ఓడలెక్కించారు. తీరంలో దిగేసరికి మెక్సికోతో యుద్ధం వచ్చింది. బండ్లన్నీ సైన్యానికి పోయాయి. ముందుకు వెళ్ళే దారిలేక, తీరంలోనే జబ్బుపడి వందలమంది చనిపోయారు. అంతకు ముందే వచ్చినవాళ్ళు 1845లో న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే ఊరు కట్టారు. 1846లో అక్కడి నుంచి 120 మంది బండ్ల మీద పదహారు రోజులు ప్రయాణం చేసి మే 8న ఇక్కడికి చేరారు. ఇప్పుడది గంటన్నర దారి. "పిల్లల్ని కూడా వేసుకుని వచ్చారా?" అంది అమ్మ. అవునన్నాను. ఆ తర్వాత తాగుడు మాట మళ్ళీ ఎత్తలేదు.

లోపల పొడుగాటి బల్లలు. ఎవరి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. అకార్డియన్, పెద్ద పెద్ద ట్యూబాలతో బ్యాండు పోల్కా వాయిస్తోంది. లెదర్ నిక్కరు వేసుకున్న తాతగారు మనవరాలిని తన బూట్ల మీద నిలబెట్టుకుని అడుగులు వేయిస్తున్నారు. మెర్ట్సెన్ అనే ఎర్రటి బీరు తీసుకున్నాను. పూర్వం జర్మనీలోని బవేరియాలో ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా బీరు కాచకూడదని 1553లో కట్టడి పెట్టారు. వేసవిలో పాడైపోయేది మరి. అందుకని మార్చిలో కాస్త గట్టిగా కాచి చల్లటి నేలమాళిగల్లో దాచేవారు. మిగిలింది శరత్కాలంలో ఖాళీ చేసేవారు. బ్రెడ్డు కాల్చిన వాసన, కొంచెం తీపి, చేదు చాలా తక్కువ. నాకు బాగా నచ్చింది. అమ్మకి పేరుకే బీరు, మత్తు ఉండని రూట్ బీరు ఇప్పిస్తే ఒక్క గుక్క తాగి "అయొడెక్స్‌లా ఉందిరా" అని పక్కన పెట్టేసింది. ఉప్పుకల్లు అద్దిన వేడి ప్రెట్జెల్ మాత్రం చివరి ముక్క దాకా తిన్నది.

మా ఎదురుగా కూర్చున్న పెద్దాయన తాతల కాలం నుంచి ఇక్కడి రైతు. వాళ్ళ నాన్న చిన్నప్పుడు బళ్ళో జర్మన్ మాట్లాడితే దెబ్బలు పడేవట. అందుకే ఆయన పిల్లలకి నేర్పలేదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1918లో, బడుల్లో ఇంగ్లీషే ఉండాలని టెక్సస్‌లో చట్టం తెచ్చారు. ఈ ప్రాంతంలో పుట్టిన జర్మన్ యాస ఇప్పుడు ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలింది. ఆస్టిన్ యూనివర్సిటీలో హాన్స్ బోవాస్ అనే ప్రొఫెసర్ 2001 నుంచి వాళ్ళ మాటలు రికార్డు చేయిస్తున్నారు.

నేను తెలుగులో చెబుతుంటే అమ్మ మా అమ్మాయి వీపు తట్టి, "మన భాషలో తాతగారి పేరడగవే" అంది. పిల్ల సిగ్గుపడకుండా "తాతయ్యా, మీ పేరేంటి?" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. గొంతు సవరించుకుని తనకు గుర్తున్న నాలుగు జర్మన్ ముక్కలు నెమ్మదిగా అన్నారు. పాట, బీరు, వంట, బట్టలు అన్నీ నిలిచాయి, మాట ఒక్కటే జారిపోయింది. అదే నాకు ఈ యాత్రలో గట్టిగా తగిలింది. అదే వారాంతం డాలస్‌లో బతుకమ్మ ఆడుతున్నారు. మన దగ్గర కూడా చీరలకీ, పాటలకీ లోటేం లేదు. పిల్లలు ఇంట్లో ఏ భాషలో పోట్లాడుకుంటున్నారో చూసుకోవాలి.

మర్నాడు కంఫర్ట్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన నిలబడేది లేదని మెక్సికో వైపు బయల్దేరిన జర్మన్లను 1862లో వెంటాడి చంపారు. వాళ్ళకోసం 1866లో కట్టిన రాతిస్తంభం అక్కడుంది. దాని మీద రాత జర్మన్‌లోనే ఉంది.

నవంబరులో న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో వుర్స్ట్‌ఫెస్ట్. 1961లో ఊరి మాంసం ఇన్‌స్పెక్టర్ ఎడ్ గ్రిస్ట్ ఆలోచనతో సాసేజ్ పండగగా మొదలైంది. రిబ్బన్ కత్తిరించే బదులు సాసేజ్ కొరికి ప్రారంభిస్తారు. కోమల్ నది పక్కన పది రోజుల సందడి. 2019 నవంబరులో పెద్ద షెడ్డొకటి కాలిపోయినా మళ్ళీ కట్టుకున్నారు. ఇక్కడి స్టాళ్ళలో చాలావాటిని స్థానిక సేవాసంస్థలే నడుపుతాయి, లాభం ఊరి పనులకే పోతుంది. ఆలుగడ్డ తురిమి నూనెలో వేయించే పాన్‌కేక్‌లకి పొడుగాటి క్యూ. అంచులు కరకర, మధ్యలో మెత్తన, పక్కన ఆపిల్ గుజ్జు. గుడ్డు కలుపుతారు కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి.

వచ్చే ఏడాది మాతో మరో రెండు కుటుంబాలు వస్తామన్నాయి. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో పండగ రోజులకి గదులు దొరకడం కష్టం. అందుకని కంఫర్ట్‌లో తీసుకుని, తాగనివాళ్ళు కారు నడిపేలా ఇప్పుడే వంతులు వేసుకున్నాం.