శిబిరంలో కుళాయి లెక్క

నిర్వాసితుల శిబిరంలో 250 మందికి ఒక కుళాయి ఉందంటే ప్రమాణం కుదిరినట్టే అనుకుంటారు. రోజుకి ఎన్ని గంటలు నీళ్లు వదులుతున్నారో కూడా అడగాలి.

విపత్తుల్లో సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకి, స్నానానికి, కడుక్కోడానికి కలిపి మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు కావాలి. అంటే 250 మందికి 3,750 లీటర్లు. కుళాయి ధార నిమిషానికి 7.5 లీటర్లయితే అవి పట్టుకోడానికి 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. బిందె తీసి బిందె పెట్టే సమయం ఇందులో కలపలేదు. నాలుగు గంటలే వదిలితే 1,800 లీటర్లు వస్తాయి, అవి 120 మందికే చాలుతాయి. మిగిలినవాళ్లు దగ్గర్లో ఏ గుంట ఉంటే అందులో ముంచుకుంటారు. వాంతులు, విరేచనాలు అక్కణ్ణించే మొదలవుతాయి.

గిన్నెల సంగతి చాలామంది పట్టించుకోరు. ఐదుగురున్న కుటుంబానికి 75 లీటర్లు కావాలి. ఇంట్లో పది లీటర్ల బకెట్ ఒక్కటే ఉంటే ఎనిమిదిసార్లు వరసలో నిలబడాలి. ఆ తిరుగుడు ఎక్కువగా ఆడవాళ్లది, పిల్లలది. అందుకే మూత ఉన్న, మూతి సన్నగా ఉన్న క్యాన్లు ఇంటికి కనీసం రెండు ఇవ్వాలి. మూతి వెడల్పుగా ఉంటే గ్లాసుతో పాటు చెయ్యీ నీళ్లలో మునుగుతుంది. కుళాయి దగ్గర లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ (క్రిముల్ని చంపే మందు) మిగిలి ఉన్నా, గుడారంలోకి చేరాక అది హరించుకుపోతుంది. క్లోరిన్ పరీక్ష తాగే గిన్నె దగ్గర కూడా చెయ్యాలి.

మరుగుదొడ్లు 20 మందికి ఒకటి, గుడారానికి 50 మీటర్ల లోపు ఉండాలి. కట్టాక కూడా వాడటం లేదంటే జనానికి అలవాటు లేదని తేల్చెయ్యకండి. ముందు లోపల గొళ్లెం ఉందా, రాత్రి దీపం వెలుగుతుందా, ఆడవాళ్లవి విడిగా ఉన్నాయా, గుంత నిండిపోయిందా చూడండి. చీకట్లో వెళ్లడానికి భయపడే ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఇది ఏ పట్టికలోనూ కనిపించదు.

ఇక రేషన్ కార్డులు, గుర్తింపు పత్రాలు. ఈ నిర్వాసితులు దేశ సరిహద్దు దాటినవాళ్లు కారు, కాబట్టి మొదటి బాధ్యత సొంత ప్రభుత్వానిదే. సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్ల గురించి 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు ఆ మాటే చెబుతాయి. పోయిన పత్రాల కోసం మళ్లీ సొంత ఊరికి వెళ్లి రమ్మనకూడదని, ఆడవాళ్లకి వాళ్ల పేరుమీదే పత్రాలివ్వాలని ఇరవయ్యో సూత్రంలో ఉంది. అయినా చాలాచోట్ల కార్డు ఇంటి పెద్ద పేరునే రాస్తారు. ఆయన పని వెతుక్కుంటూ వెళ్లినా, భార్యని వదిలేసినా, రేషన్ వరసలో ఆమె పేరు ఉండదు. నమోదు ఒక్కసారితో ముగిస్తే శిబిరంలో పుట్టిన బిడ్డ కూడా లెక్కలోకి రాదు. జాబితాని నెలనెలా సరిచూసి, విడిపోయిన ఇంటికి వేరే కార్డు ఇవ్వాలి. అది అడగడానికి ఆమె ఎక్కడికి వెళ్లాలో రేషన్ ఇచ్చేచోటే బోర్డు మీద రాసి, చదవలేనివాళ్లకి నోటితో చెప్పాలి.