వాసన రాని ఉల్లి

దగ్గు పట్టుకుంటే వారాల తరబడి వదల్లేదు. అప్పుడు మా పెద్దత్తయ్య సింహాచలం కొండ వాలులో తవ్విన తెల్లటి గడ్డ ఒకటి తెచ్చి, "అడవి ఉల్లేనమ్మా, కఫం కోసేస్తది" అని దంచి తేనెలో కలిపి ఇచ్చింది. అంత తేనెలోనూ చేదు తెలిసింది.

కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. దగ్గర్లోని క్లినిక్‌లో ఫుడ్ పాయిజనింగ్ అని సెలైన్ ఎక్కించి పంపేశారు. నాడి పట్టి చూసినవాళ్లే లేరు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది. రాత్రికి ట్యూబ్‌లైట్ చుట్టూ పసుపు వలయం కనబడింది, లేస్తే కళ్లు తిరిగాయి. పెద్దాసుపత్రికి చేరేసరికి నాడి నిమిషానికి 42కి పడిపోయింది. డ్యూటీ డాక్టరమ్మ ఈసీజీ చూసి, "నాటు మందు, గడ్డలు, వేర్లు ఏమైనా తీసుకున్నారా?" అని అడిగింది. మావారు ఇంటికి పరుగెత్తి మిగిలిన సగం గడ్డ పట్టుకొచ్చారు.

అది నక్క ఉల్లి, డ్రిమియా ఇండికా. అందులో గ్లైకోసైడ్లు అనే, గుండె మీద పనిచేసే విష పదార్థాలుంటాయి, స్కిల్లారెన్ లాంటివి. గుండె జబ్బుకిచ్చే డిజాక్సిన్ లాగే అవీ గుండె కణాల్లో సోడియం, పొటాషియంల రాకపోకలను అడ్డుకుంటాయి. మధ్యధరా తీరంలో పెరిగే, దీనికి దగ్గరి చుట్టమైన మరో గడ్డతో ఒకప్పుడు ఎలుకల మందు చేసేవారు. ఎలుక వాంతి చేసుకోలేదు కాబట్టి విషం లోపలే ఉండిపోతుంది. నాకు బొగ్గు పొడి తాగించారు, నాడి వేగం పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, పొటాషియం ఎంతుందో మళ్లీ మళ్లీ చూశారు. నాడి నెమ్మదిగా దారిలో పడింది. పసుపు రంగు పోయాక కూడా చాలాకాలం నీరసం వదల్లేదు. గంజి, మజ్జిగ మీదే గడిచింది.

కాస్త నడవగలిగాక, బాటనీ చెప్పి రిటైరైన మా వీధి మాస్టారితో కొండ దిగువకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన ముందు చేతులు కడిగించేవారు. వంటింటి ఉల్లి వాసన వేళ్లకుంటే పరీక్ష తప్పుతుందట. ఆకు నలిపితే ఉల్లి వాసన రావాలి, రాకపోతే అది ఉల్లి కాదు. అసలైన అడవి ఉల్లి రకాలు మన దేశంలో ఎక్కువగా హిమాలయాల్లోనే ఉన్నాయి.

ఉల్లి పూలు కాడ చివర గుత్తిగా ఉంటాయి. నక్క ఉల్లి పూలు పొడవాటి కాడ వెంట ఎడంఎడంగా పూస్తాయి, అదీ వేసవిలో, ఆకులే లేనప్పుడు. ఆకులొచ్చేది వానలు పడ్డాకే. అందుకే వానాకాలంలో తవ్వేవాళ్లకు పువ్వు కనబడదు, వేసవిలో పువ్వు చూసినవాళ్లకు ఆకు తెలియదు. పక్కనే పెరిగే లెడెబూరియా అనే మరో మొక్క గడ్డ కూడా అలాగే ఉంటుంది గానీ, దాని ఆకుల మీద ఊదా మచ్చలుంటాయి. ఆకు కొన నేలకు తగిలిన చోట పిల్ల మొక్క కూడా పుడుతుంది. ఆకూ పువ్వూ లేని ఒట్టి గడ్డ చేతికిస్తే మాత్రం మాస్టారు పేరు చెప్పరు.

మొన్న తీసిన ఈసీజీ బాగానే ఉంది. పెద్దత్తయ్య మాత్రం "మోతాదు ఎక్కువైంది, అంతే" అంటోంది. గడ్డ గడ్డకీ విషం బలం మారుతుంది అత్తయ్యా, వేలితో కొలిచి ఇచ్చే మందు కాదు ఇది అని చెబుతూనే ఉన్నాను. ఆవిడ మాట వినేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. అందుకే వచ్చే వానలకి ఆవిణ్ణి కూడా మాస్టారితో కొండకి తీసుకెళ్తున్నాను.