కాళ్ళ దగ్గరి చేప

ఆదివారం రాత్రి, రైల్లో

ఎడమచేతి బొటనవేలు ఇంకా సలుపుతోంది. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి అన్నీ గుర్తుండగానే రాసుకుంటున్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ సామర్లకోట దాటింది. మావాడు కింది బెర్తులో కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. పడుకోరా అంటే వినడం లేదు.

మాది కరీంనగర్ పక్క పల్లె. మాకు నీళ్ళంటే చెరువే. ఎండాకాలం సెలవుల్లో వెదురు కర్రకి దారం కట్టి, జొన్నబెండు ముక్క తగిలించి, పెంటకుప్ప పక్కన తవ్విన ఎర్రల్ని గాలానికి గుచ్చి కట్ట మీద కూర్చునేవాళ్ళం. బెండు మునిగితే లాగడమే. పరకలు పడేవి, జెల్లలు పడేవి, అదృష్టం బాగుంటే కొర్రమట్ట. గాలం వేయడం నాకు వచ్చనే నమ్మకంతోనే ఈరోజు భీమిలి వెళ్ళాను.

అక్కావాళ్ళు తగరపువలసలో ఉంటారు. బావ ఏ ఆదివారమూ ఇంట్లో ఉండడు, భీమిలి ఒడ్డున ఉంటాడు. రమ్మని మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. ఈసారి కుదిరింది. మావాడికి తొమ్మిదేళ్ళు. సముద్రాన్ని చూడడం వాడికి ఇదే మొదలు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక బావ వరండాలో చాప వేసి సామానంతా పరిచాడు. పది అడుగుల రాడ్డు, రెండు ముక్కలు కలిపి బిగించేది. రీలు, దాని నిండా టంగూసు దారం. సీసం గుండ్లు, వేలి గోరంత గాలాలు, సన్నమూతి పట్టకారు, పాత తువ్వాలు, బకెట్. అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దుకాణానికెళ్ళి సగం జీతం పోసి వస్తారని, అందులో ముప్పాతిక భాగం ఎప్పుడూ సంచిలోంచి బయటికే రాదని అన్నాడు.

దారం చివర 60 గ్రాముల గుండు. దానికి జానెడు పైన ఒకటి, ఇంకో జానెడు పైన ఇంకొకటి, పక్కకి వేలాడేలా రెండు గాలాలు. చెరువులో ఎర తేలాలి. సముద్రంలో అల అన్నింటినీ ఈడ్చుకుపోతుంది కాబట్టి గుండు అడుగున ఇసుకలో కూరుకుని దారాన్ని పట్టి ఉంచాలి. ముడి మాత్రం మావాడి చేతే వేయించాడు. గాలం కంట్లోంచి దారం దూర్చి, దాని మీదే ఐదు చుట్లు తిప్పి, మొదట ఏర్పడిన చిన్న కంతలోంచి కొసని వెనక్కి తెచ్చి, లాగబోయే ముందు నోట్లో పెట్టి ఉమ్మితో తడపాలి. పొడి దారాన్ని అలాగే లాగితే రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే బలం పోతుందట. మావాడు ఆరుసార్లు పాడుచేశాడు. ఏడోసారి చుట్లు ఒకదాని పక్కన ఒకటి గాజుల్లా సర్దుకుని బిగుసుకున్నాయి. వాడు దాన్ని దీపం కిందకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

పొద్దున ఐదింటికే లేపాడు బావ. పున్నమి శుక్రవారం వెళ్ళింది. పున్నానికి, అమావాస్యకి ఈ తీరంలో పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో నీళ్ళు నిండుతాయి. ఆ తర్వాత రోజుకి ముప్పావుగంట, యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. అంటే ఈరోజు నాలుగింటికి పాటు (నీళ్ళు బాగా తగ్గడం), పదింటికి పోటు. పోటెక్కుతున్నంతసేపూ చేపలు ఒడ్డు దగ్గరికి మేతకొస్తాయి కాబట్టి ఆరింటికల్లా అక్కడ ఉండాలి. బావకి ఈ లెక్క వేలి కణుపుల మీద ఉంది. అది కాక ఫోన్లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్ళ అలల సూచన కూడా చూశాడు. ఆ సంస్థ ఉండేది హైదరాబాద్‌లో అని వినగానే నాకు భలే గర్వంగా అనిపించింది. సముద్రం లేని మా ఊరి వైపు నుంచి దేశంలోని తీరమంతటికీ అలల కబురు వెళ్తోంది.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చే నది. సంగమం దగ్గర ఫైబర్ తెప్పలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. కొందరు వలలు విదిలిస్తున్నారు. మేం అక్కడ ఆగలేదు. వాళ్ళు పనిచేసుకునే చోట రాడ్డు పాతకూడదని బావ నియమం. ఇసుకలో అర కిలోమీటరు నడిచి జనం లేని చోట ఆగాం. మావాడు మొదటి అల పాదాల మీదకి రాగానే ఒక్క మాటా అనకుండా నా చెయ్యి పట్టుకున్నాడు. కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

రొయ్యని తోక వైపు నుంచి గాలానికి ఎక్కించి, రాడ్డుని భుజం వెనక్కి తీసుకుని, శక్తికొద్దీ విసిరాను. గుండు చాలా దూరం వెళ్ళింది. అలలు మొదటిసారి విరిగే చోటు కూడా దాటిపోయింది. మళ్ళీ వేశాను, ఇంకా దూరం. గంట గడిచింది. ఒకసారి నాచు వచ్చింది, తక్కినసార్లు రొయ్య పోయి ఖాళీ గాలం వచ్చింది. బావ ఏమీ అనలేదు. తన రాడ్డు పట్టుకుని పక్కన నిలబడ్డాడంతే.

భుజాన విసురు వల వేసుకుని ఒక తాత మా ముందు నుంచి వెళ్తూ ఆగాడు. నా దారం ఎటు పోతోందో కళ్ళు చిట్లించి చూశాడు.

"ఏటి బాబూ, అంత దూరం ఇసిరీసినావు? చేప నీ కాళ్ళ కాడే తిరుగుతాది."

"ఇంత తక్కువ నీళ్ళల్లో చేప ఉంటుందా తాతా?"

"తక్కువేటి? ఆ నల్లగున్న నీళ్ళు చూడు. నువ్వు దాని మీంచి ఇసురుతున్నావు."

అప్పుడు చూశాను. అంతవరకూ నా కళ్ళ ముందే ఉంది. అల మొదట ఒకచోట తెల్లగా విరుగుతోంది. అంటే అక్కడ అడుగున ఇసుక మిట్ట ఉంది. ఆ నురగ కాస్త ముందుకొచ్చి అణిగిపోతోంది. మళ్ళీ సరిగ్గా ఒడ్డుకి వచ్చేటప్పుడే లేచి విరుగుతోంది. ఆ రెండు తెలుపుల మధ్య, ఒడ్డు పొడుగునా, ముదురు రంగు నీళ్ళు పొలం కాలవలా పారుతున్నాయి. లోతు అదే. అల తవ్విపోసిన ఇసుకలోంచి పురుగులూ చిన్న పీతలూ జారి పడేది అందులోనే. మేత ఉన్నచోటికే చేప. నేను గంటసేపు ఆ కాలవని దాటించి మిట్ట అవతలికి విసిరాను. ఒడ్డు నుంచి ఆ కాలవ పాతిక అడుగులు కూడా లేదు.

తాత మావాణ్ణి పిలిచి ఇంకోటి చూపించాడు. అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుక మీద చిన్న చిన్న గీతలు పడతాయి, నీరు ఏదో సన్నటిదాన్ని ఒరుసుకుంటూ రెండుగా చీలినట్టు. అక్కడ దోసిలితో లోతుగా తవ్వితే రేగుపండంత పీత చేతిలోకి వచ్చింది. బూడిదరంగు, గుండ్రటి వీపు, కొరికే డెక్కలు లేవు. అరచేతిలో పెడితే వెనక్కి వెనక్కి జరుగుతూ వేళ్ళ సందుల్లో దూరడానికి చూసింది. నీళ్ళు వెనక్కి పోతున్నప్పుడు తన మీసాలు చాచి అందులోని మేతని వడగట్టుకుంటుందట, ఆ మీసాల వల్లే ఆ గీతలు. సముద్రం తానే వడ్డించే ఎర ఇదని, దీని ముందు కొన్న రొయ్య దేనికీ పనికిరాదని తాత చెప్పాడు. మావాడు నాలుగు పీతల్ని బకెట్లో వేసి, ఒకదాన్ని దాచుకుని, చివరికి దాన్ని తిరిగి ఇసుకలో వదిలాడు.

రాడ్డుని ఊరికే ముందుకి ఊపి ఆ నల్లటి కాలవలో వేశాను. దారం బిగించి, చూపుడు వేలు దాని మీద ఆనించాను. అల లాగినప్పుడు దారం మెల్లగా బరువెక్కి మెల్లగా వదులవుతుంది. చేప తగిలితే అలా ఉండదు. గుమ్మం మీద వేలి కణుపుతో తట్టినట్టు టక్ టక్ మంటుంది. పది నిమిషాలకి ఆ తట్టుడు నా వేలికి తెలిసింది. ఒళ్ళు ఝల్లుమంది.

జెల్ల. మూరెడు లేదుగానీ బలంగా ఉంది. చెరువు జెల్లని వెనక నుంచి, ముళ్ళ సందులో వేళ్ళు పెట్టి పట్టుకోవడం నాకు చిన్నప్పటి విద్య. అలాగే పట్టుకుని పట్టకారు అందుకుంటుంటే ఒక అల మోకాళ్ళకి కొట్టింది. చేప ఒక్కసారి మెలితిరిగింది. వీపు మీది ముల్లు బొటనవేలి మొదట్లో దిగింది.

మొదట సూది గుచ్చినట్టే ఉంది. నిమిషంలో మణికట్టు దాకా మంట పాకింది. జెల్లకి వీపున ఒకటి, చెవుల పక్కన రెండు, మొత్తం మూడు ముళ్ళు. భయపడితే వాటిని నిటారుగా లేపి గడియ పెట్టినట్టు బిగిస్తుంది. అంచుల్లో రంపపు పళ్ళుంటాయి, పైన చర్మంలో విషం ఉంటుంది. చచ్చి ఇసుకలో పడున్న జెల్ల ముల్లు కూడా పాదంలో దిగగలదు. ఇదంతా బావ నన్ను రోడ్డు మీది టీ బడ్డీకి నడిపిస్తూ చెప్పాడు. బడ్డీ అమ్మ నా మొహం చూసి, "జెల్లేనా?" అని మాత్రం అడిగి గిన్నె నిండా వేడినీళ్ళు పోసింది. ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి. వేడిని మంచి చేత్తో చూడమన్నాడు బావ. కుట్టిన చెయ్యి మొద్దుబారి ఉంటుంది కాబట్టి కాలినా తెలియదు. ఆ విషానికి వేడి పడదు, తగిలేకొద్దీ విరిగిపోతుంది. ఆవిడ రెండుసార్లు నీళ్ళు మార్చింది. అరగంటకి మంట సగానికి దిగింది. డబ్బులు ఇవ్వబోతే టీలకి మాత్రం తీసుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు తగరపువలసలో డాక్టరు ముల్లు ముక్క లోపల లేదని చూసి టీటీ ఇంజక్షన్ ఇచ్చాడు. కొత్తగా సముద్రానికి వెళ్ళేవాళ్ళెవరైనా నన్నడిగితే రాడ్డు సంగతి తర్వాత, ముందు ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకోమంటాను.

మేం ఒడ్డుకి తిరిగొచ్చేసరికి దూరంగా అలివి వల లాగుతున్నారు. తెప్ప మీద వలని అర్ధచంద్రంలా తిప్పి వదిలి, రెండు కొసల మోకుల్నీ ఒడ్డు నుంచి లాగుతారు. అటు పదిహేను మంది, ఇటు పదిహేను మంది, ఆడవాళ్ళూ ఉన్నారు. వల మా వైపు కొట్టుకొస్తోందని చూడగానే బావ రాడ్లు రెండూ ఎత్తేశాడు. మన సరదా వాళ్ళ తిండికి అడ్డం రాకూడదన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. మావాడు వెళ్ళి మోకు చివర పట్టుకుంటే ఎవరూ వద్దనలేదు. ఒకావిడ వాడి చేతుల్ని సరైన చోటికి జరిపింది.

తొమ్మిదిన్నరకి మళ్ళీ వేశాం. నీళ్ళు బాగా ఎక్కాయి, కాలవ ఇంకా దగ్గరికి జరిగింది. బావ ఒకచోట వేలు చూపించి, అటు పాదం కూడా పెట్టనివ్వొద్దు అన్నాడు. అక్కడ మాత్రం అల విరగడం లేదు, నున్నగా ఉంది, నురగ ఒడ్డుకి రాకుండా లోపలికి పోతోంది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అది. స్నానానికి అనువుగా కనిపించేది అదే, విశాఖ తీరంలో మనుషుల్ని లాగేసేదీ అదే. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది దాని వెడల్పు దాటాలి. మావాడి చేత ఈ మాట మూడుసార్లు చెప్పించాను. చీలమండ దాటి నీళ్ళలోకి దిగనివ్వలేదు.

వాడి రాడ్డు కొస వణికింది. నేను చెయ్యి వేయబోతే బావ ఆపాడు. వాడే చుట్టాడు. నురగలోంచి ఎర్రగా మెరుస్తూ జానెడు చేప వచ్చింది. గులివింద. గడ్డం కింద రెండు మీసాలు. వాటితో ఇసుకని తడుముతూ మేత వెతుక్కుంటుంది. మీసాలు ఇంకా కదులుతున్నాయి, గాలిలో కూడా దేన్నో వెతుకుతున్నట్టు. తర్వాత ఇంకో మూడు పడ్డాయి. వేలెడు పిల్లని ఒకదాన్ని వదిలేశాం. వదిలేటప్పుడు కూడా చెయ్యి తడుపుకునే పట్టుకోవాలి. పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, ఆ జిగురే దానికి రక్ష. మావాడు దోసిలి నీళ్ళలో ముంచి, దాన్ని అలలోకి జారవిడిచి, అది వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

వచ్చేముందు ఇసుకలో తెగిపడిన టంగూసు ముక్కలన్నీ ఏరాం, మావీ ఇతరులవీ. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లని కంచెలో పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. పొద్దున వచ్చే దారిలో ఒక చచ్చిన తాబేలుని చూశాం. ఎందుకు చచ్చిందో తెలియదు. మావాడు మాత్రం ఆ తర్వాత కనపడిన ప్రతి దారాన్నీ జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు ఇప్పటికీ నిండుగానే ఉంది.

అక్క గులివిందల్ని పసుపు, కారం, ఉప్పు మాత్రం పట్టించి పెనం మీద కాల్చింది. నాకు ముళ్ళు తీసి పెట్టింది, చిన్నప్పటిలా, వేలి కట్టు చూసి.

రాజమండ్రిలో బండి ఐదు నిమిషాలు ఆగింది. ఇప్పుడు వంతెన మీద ఉన్నాం. కింద గోదావరి, మీద ఆలస్యంగా లేచిన చంద్రుడు. మావాడు కిటికీ ఊచల్లోంచి నీళ్ళ వంకే చూస్తూ అడిగాడు:

"నాన్నా, ఇక్కడ ఎర్రలు పెట్టాల్నా, పీతలు పెట్టాల్నా?"

నాకు తెలవదురా, మామయ్యకి ఫోన్ చేసి అడుగుదాం అన్నాను. ఇప్పుడే చెయ్యమంటున్నాడు.