హాల్లో హార్న్ స్పీకర్లు: ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందంటే

కుడివైపు హార్న్ కూడా బిగించేశాను, ఇప్పుడు రెండూ జతగా మోగుతున్నాయి. ఏ కొలతలతో ఏం చేశానో ఇక్కడ రాసిపెడుతున్నా. హార్న్ అనగానే మన దగ్గర గుడి మైకో పెళ్లి ఊరేగింపో గుర్తొచ్చి "ఇంట్లో ఆ అరుపు ఎవరు భరిస్తారు" అంటారు గానీ, ఆ అరుపు హార్న్‌ది కాదని నా గట్టి నమ్మకం. లెవెల్ తగ్గించకుండా, వూఫర్‌తో (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్‌తో) టైమ్ కలపకుండా వదిలేస్తే ఎంత ఖరీదైన హార్న్ అయినా అరుస్తుంది.

ముందు సెటప్. కింద 15 అంగుళాల పీఏ (సభలు, స్టేజీలకు వాడే) వూఫర్, 18 మి.మీ. ప్లైవుడ్‌తో సుమారు 110 లీటర్ల పోర్టెడ్ బాక్సు, అంటే గాలి పోయే గొట్టం (పోర్టు) ఉన్నది. పైన 1 అంగుళం గొంతున్న (శబ్దం బయటికొచ్చే సన్నటి రంధ్రమున్న) కంప్రెషన్ డ్రైవర్, అంటే హార్న్ వెనక బిగించే శబ్దం పుట్టించే యూనిట్, దానికి చెక్క హార్న్. వూఫర్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే సౌండ్) 97 డీబీ, హార్న్‌తో కలిపి డ్రైవర్‌ది 108. ఇళ్లలో ఉండే మామూలు స్పీకర్లు 86, 88 దగ్గర ఉంటాయి. 10 డీబీ అంటే పది రెట్ల పవర్ కాబట్టి, వాటికి 10 వాట్లు పోస్తే వచ్చే సౌండ్ ఇక్కడ కాస్త అటూఇటూగా ఒక్క వాట్‌కే వచ్చేస్తుంది. టాకీల తొలిరోజుల్లో యాంప్లిఫైయర్లు కొద్ది వాట్లే ఇచ్చేవి, అయినా పెద్ద పెద్ద హాళ్లు నిండేవంటే కారణం హార్నే.

గుడి మైకు యూనిట్లనే వాడొచ్చు కదా అని ఒకరిద్దరు అడిగారు. వద్దు. అవి మాట దూరం వినపడటానికి చేసినవి, పై ఫ్రీక్వెన్సీలు పెద్దగా రావు, చాలావాటిలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (పొడవాటి వైర్ల మీద పంపడానికి పెట్టేది) కూడా ఉంటుంది. వాటి పనిలో వాటికి సాటి లేదు, ఇంట్లో వీణ వినడానికి మాత్రం పనికిరావు.

హార్న్ వంపు ట్రాక్ట్రిక్స్, అది గణితంలో ఒక వంపు గీత పేరు. నోటి వ్యాసం 30 సెం.మీ. అనుకుంటే చుట్టుకొలత 94 సెం.మీ. వస్తుంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని ఈ చుట్టుకొలతతో భాగిస్తే దాదాపు 364 హెర్ట్జ్, అదే ఈ హార్న్ కటాఫ్, అంతకన్నా కింద హార్న్ పనిచేయదు. అంత కిందిదాకా వాడకూడదు, కటాఫ్‌కు బాగా పైనే క్రాస్ఓవర్ (వూఫర్ ఆగి హార్న్ అందుకునే చోటు) పెట్టాలి. నేను 1000 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. అంగుళం గొంతు నుంచి ఆ నోటి దాకా పొడవు లెక్కవేస్తే 32.5 సెం.మీ., అంటే 18 మి.మీ. ప్లైవుడ్ రింగులు ఒక్కో హార్న్‌కు 18. పూజగది తలుపులకు డిజైన్లు చెక్కే సీఎన్‌సీ షాపులో డ్రాయింగ్ ఇస్తే కోసిచ్చారు. రింగులు జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి, లోపలి మెట్లను కార్ల డెంటింగ్ వాళ్లు వాడే పుట్టీతో నింపి, 80 నంబరు ఎమరీ పేపర్, తర్వాత 220. వంపును అట్టముక్క మీద గీసి కత్తిరించుకుని, దాన్ని హార్న్ లోపల ఆనించి వెనకనుంచి టార్చి వేస్తే ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ ఇంకొంచెం పుట్టీ.

అన్నిటికన్నా ఓపిక కావాల్సింది గొంతు దగ్గర. డ్రైవర్ రెండు ఎం6 బోల్టులతో బిగుస్తుంది, బోల్టుల మధ్య 76 మి.మీ. బోల్టు రంధ్రాలు అర మిల్లీమీటర్ జరిగినా డ్రైవర్ నోరు, హార్న్ గొంతు సరిగ్గా ఎదురెదురుగా రావు, ఆ చిన్న మెట్టు పై ఫ్రీక్వెన్సీల్లో తేడా చూపిస్తుంది. అందుకే డ్రైవర్ బిగించేముందు దాని గొంతంత మందమున్న గుండ్రటి కర్ర ఒకటి వేరే ప్లేటుకు బిగించి, దాన్ని హార్న్‌లోకి దూర్చి, కలిసే చోట చూపుడువేలి గోరుతో చుట్టూ గీకి చూశా. గోరు ఎక్కడా తట్టకూడదు. తట్టిన చోట మళ్లీ పుట్టీ, మళ్లీ ఎమరీ.

ఇక కరెంటు సంగతి. మినీడీఎస్పీతో (శబ్దాన్ని డిజిటల్‌గా విడగొట్టి సర్దే పెట్టెతో) నాలుగు చానెళ్లు, క్లాస్-డి యాంప్లిఫైయర్ బోర్డులు రెండు. డ్రైవర్‌కు నేరుగా యాంప్లిఫైయర్ తగిలిస్తే రెండు టెన్షన్లు. ఒకటి, ఆన్ ఆఫ్ చేసినప్పుడు వచ్చే "టప్" దెబ్బకో డీసీకో డయాఫ్రం పోవచ్చు. దానికి సిరీస్‌లో 50 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టా, 8 ఓమ్‌లకు అది 400 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది, క్రాస్ఓవర్‌ను పెద్దగా కదపదు. ఆడియో కెపాసిటర్ ఆ సైజులో బాగా ఖరీదు, కాబట్టి ఏసీ కంప్రెసర్లకు వాడే 440 వోల్టుల రన్ కెపాసిటర్ తెచ్చా, అది కూడా పాలీప్రొపిలీనే. స్టార్ట్ కెపాసిటర్ మాత్రం తీసుకోకండి, అది వేరే రకం.

రెండోది హిస్, అంటే యాంప్లిఫైయర్ నుంచి వచ్చే బుస్సుమనే శబ్దం. 108 డీబీ డ్రైవర్ మీద చాలా యాంప్లిఫైయర్ల హిస్ పాట లేనప్పుడు సోఫా దాకా వినిపిస్తుంది. లెవెల్‌ను డీఎస్పీలో తగ్గిస్తే పాట తగ్గుతుంది గానీ యాంప్లిఫైయర్ సొంత హిస్ అలాగే ఉంటుంది. అందుకే ఎల్-ప్యాడ్ (లెవెల్ తగ్గించే రెండు రెసిస్టర్ల జత) పెట్టా: సిరీస్‌లో 5.6 ఓమ్, డ్రైవర్‌కు అడ్డంగా 3.9 ఓమ్, రెండూ 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు, కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. దీంతో దాదాపు 10 డీబీ తగ్గుతుంది, హిస్ కూడా అంతే తగ్గుతుంది, యాంప్లిఫైయర్‌కు కనిపించే లోడ్ మళ్లీ 8 ఓమ్‌లకు దగ్గరే. మిగిలిన 1 డీబీ తేడా డీఎస్పీలో సర్దాను.

టైమ్ కలపడం ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని. హార్న్ నోరు, బాక్సు ముందుభాగం ఒకే వరసలో ఉన్నాయి, అంటే డ్రైవర్ డయాఫ్రం వూఫర్ కాయిల్ కంటే సుమారు 25 సెం.మీ. వెనక ఉంది. 1000 హెర్ట్జ్ తరంగం పొడవే 34 సెం.మీ., అందులో సగం, అంటే 17 తేడా వస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, 25 తేడాతోనూ సరిగ్గా కలవవు. కాబట్టి వూఫర్ శబ్దాన్ని కాస్త ఆలస్యంగా (డిలేతో) పంపాలి. టేపుతో కొలిస్తే చాలదు, అసలు శబ్దం ఎక్కడనుంచి బయల్దేరుతుందో టేపుకు తెలియదు. రూమ్ ఈక్యూ విజార్డ్ (గదిలో శబ్దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్) తెరిచి, మైకును వినే ఎత్తులో పెట్టి, హార్న్ వైర్లు తిప్పి తగిలించా. 24 డీబీ లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్లు (క్రాస్ఓవర్ దగ్గర శబ్దాన్ని కోసే ఒక రకం) రెండువైపులా ఉన్నప్పుడు టైమ్ సరిగ్గా కలిస్తే, తిప్పి తగిలించినప్పుడు సరిగ్గా క్రాస్ఓవర్ దగ్గర లోతైన గుంట పడాలి. డిలే 0.02 మిల్లీసెకన్ల చొప్పున మారుస్తూ స్వీప్ (కింది స్వరం నుంచి పైదాకా పలికించి కొలవడం) చేశా, అంటే 7 మి.మీ. చొప్పున వూఫర్‌ను వెనక్కి జరిపినట్టే. 0.72 దగ్గర గుంట 30 డీబీ లోతుకు దిగి, రెండు పక్కలా సమానంగా కనిపించింది. వైర్లు మళ్లీ మామూలుగా తగిలిస్తే అదే చోట గీత సాఫీగా ఉంది. మృదంగం కుడివైపు దెబ్బ అప్పటిదాకా రెండు ముక్కలుగా వినపడేది, ఇప్పుడు ఒక్క దెబ్బే.

గుండ్రటి ట్రాక్ట్రిక్స్‌కు ఒక గుణం ఉంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ శబ్దం సన్నటి దారిలో వెళ్తుంది. అందువల్ల ఎదురుగా కూర్చుంటే ట్రెబుల్‌కు ఈక్యూ (ఫ్రీక్వెన్సీ వారీగా లెవెల్ సర్దడం) పెద్దగా అక్కర్లేదు, పక్క సీటువాళ్లకు మాత్రం కొంచెం తగ్గుతుంది. సినిమా హాళ్ల 90 డిగ్రీల హార్న్‌లైతే శబ్దాన్ని వెడల్పుగా సమానంగా పంచుతాయి, బదులుగా పై ఫ్రీక్వెన్సీలను ఈక్యూతో లేపాలి. నేను ఎక్కువగా ఒక్కడినే వింటా కాబట్టి ఇదే మేలు. రెండు హార్న్‌ల చూపూ నా తల వెనక రెండడుగుల దూరంలో కలిసేలా తిప్పా, నేరుగా మొహం మీదికి పెడితే స, ష అక్షరాలు పొడుచుకొస్తాయి.

జత సరిపోయిందో లేదో చూడ్డానికి మన పాత మోనో రికార్డింగులను మించిన పరీక్ష లేదు. ఘంటసాల పద్యం పెడితే గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి తలంత వెడల్పులో నిలబడాలి. మొదట్లో ఎడమకు కాస్త పాకింది, కొలిస్తే ఎడమ డ్రైవర్ అర డీబీ పైన ఉంది, తగ్గించగానే మధ్యకు వచ్చేసింది. షేక్ చినమౌలానా నాదస్వరం అసలు వాల్యూమ్‌కు దగ్గరగా పెట్టి విన్నా. చిన్న స్పీకర్లలో ఆ వాల్యూమ్‌కు చెవులు మూసుకోవాల్సి వస్తుంది, ఇక్కడ గమకంలో ప్రతి జారుడూ తెలుస్తోంది, ఎక్కడా బిగుసుకుపోవడం లేదు. దీనికోసమే ఇంత పని.

బాస్ ఇంకా పూర్తికాలేదు. హాలు పొడవు 14 అడుగులు, 40 హెర్ట్జ్ దగ్గర గది ఊగుతుంది, అక్కడ డీఎస్పీలో 6 డీబీ కోత పెట్టా, బాక్సులను వెనక గోడ నుంచి ఇంకొంచెం ముందుకు జరిపి మళ్లీ కొలవాలి. బాస్ కూడా హార్న్‌తోనే చేయొచ్చు కదా అనేవాళ్లకు: 40 హెర్ట్జ్‌కు నోటి చుట్టుకొలత 8.5 మీటర్లు కావాలి, గుండ్రంగా చేస్తే అడ్డం 2.7 మీటర్లు. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940ల్లో దీనికి దారి కనిపెట్టాడు, హార్న్‌ను మడతపెట్టి గది మూలలో పెట్టి, గోడలనే హార్న్ చివరిభాగంగా వాడుకున్నాడు. మా హాల్లో ఒక మూల బాల్కనీ తలుపు ఉంది, కాబట్టి నాకు అది కుదరదు, వూఫర్ బాక్సులతోనే సాగుతా. పోర్టు పొడవు మార్చి తీసిన గ్రాఫులు వచ్చేసారి పెడతా.